వెనక చిన్నపిల్లల్ని ఎక్కించుకోవాలంటే ఎలాంటి బండి కొనాలి

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను. నేను బండి కొన్నరోజు షోరూమ్‌కి ఒక్కడినే వెళ్ళాను. 350 సీసీ, బరువు 190 కిలోల పైనే, వీధి చివర ఉండగానే ఇంట్లోవాళ్ళకి తెలిసిపోయే చప్పుడు. మా పాపకి అప్పుడు ఐదేళ్ళు. ఆ బండి కొన్న మూడో నెలలో నెల్లూరు పక్కన కోవూరు దాటి మా అత్తగారి ఊరికి పోతున్నాం. కోతల టైము. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే పక్కకి తీసి ఆపాను. ఎడమకాలు కింద పెట్టాను. కాలి కింద వడ్లు గులకరాళ్ళలాగా జారాయి. బండి వాలడం మొదలయ్యాక దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. మెల్లగా, చాలా మెల్లగా పక్కకి ఒరిగింది. పాప వెళ్ళి వడ్లలో పడింది. దానికి గీత కూడా పడలేదు, పైగా నవ్వింది. వడ్లు ఎగదోస్తున్న పెద్దాయన వచ్చి బండి లేపుతూ, "ఏం నాయనా, బండి కొన్నావా ఒంగోలు గిత్తను కొన్నావా" అన్నాడు.

పడినప్పుడు బండి స్పీడు సున్నా. బ్రేకులో లోపం లేదు, టైర్లు కొత్తవి. బండి నాకు సరిపోయిందో లేదో చూసుకోలేదు, వెనక కూర్చునే మనిషికి సరిపోయిందో లేదో అసలే చూసుకోలేదు. తర్వాత ఆ బండి అమ్మేసి ఇంకోటి కొన్నాను. రెండోసారి కొన్నప్పుడు ఏ వరసలో చూశానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి

బండి రోజూ ఎక్కడికి పోతుంది? నెల్లూరులోనే వేదాయపాళెం నుంచి మాగుంట లేఅవుట్‌లో స్కూలుకి దించి రావడం ఒక పని. కావలి నుంచి హైవే ఎక్కి నెల్లూరు రావడం ఇంకో పని. ముత్తుకూరు రోడ్డులో కృష్ణపట్నం పోర్టు లారీల మధ్య పోవడం, చీమకుర్తి దగ్గర గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రైలర్ల వెనక పోవడం పూర్తిగా వేరే పని. టౌనులో నాలుగు కిలోమీటర్లకైతే 100 నుంచి 125 సీసీ లోపు తేలికైన బండి చాలు. వారానికోసారైనా హైవే ఎక్కాల్సిన వాళ్ళయితే ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ఉన్నదాని గురించి ఆలోచించాలి. దాని సంగతి కింద చెబుతాను.

నడిపేది ఎవరు అన్నది రెండోది. పొద్దున మీరు, సాయంత్రం మీ ఆవిడ అయితే బండి ఇద్దరికీ సరిపోవాలి. ఆమెకి కాళ్ళు అందకపోతే స్కూటరే నయం. కాకపోతే స్కూటర్లో ఒక చిక్కుంది. ముందు ఖాళీ కనబడుతుంది కాబట్టి పిల్లను అక్కడ నిలబెడతాం. ఇంజిన్ ఆఫ్ చేయకుండా గేటు తీయడానికి దిగామంటే, పిల్ల ఆసరా కోసం పట్టుకునేది యాక్సిలేటరే. బండి ముందుకు దూకుతుంది. స్కూటర్ కొన్నా పిల్ల చోటు వెనక సీటే, తాళం చోటు మీ జేబే.

ఇక ట్యాంకు మీద కూర్చోబెట్టడం. మనలో చాలామంది నాన్న ముందు ట్యాంకు మీద కూర్చునే పెరిగాం. అయినా చెప్పక తప్పదు. సడన్ బ్రేకు వేస్తే మీ ఒంటి బరువంతా పిల్ల మీదకి, పిల్ల హ్యాండిల్ మీదకి పోతుంది. మలుపు తిప్పేటప్పుడు హ్యాండిల్ పిల్ల మోకాలికి అడ్డం తగిలి పూర్తిగా తిరగదు. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. నడిపేవారు కాక ఇంకొక్కరే ఎక్కాలి, వారు కూడా నడిపేవారి వెనక బిగించిన సీటు మీదే కూర్చోవాలి. అంటే మొగుడూ పెళ్ళాం, మధ్యలో పిల్లా అన్న మన మామూలు ప్రయాణం కూడా లెక్క ప్రకారం ట్రిపుల్సే. 2019 సవరణ తర్వాత దానికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ముగ్గురు కలిసి పోయే పెళ్ళిళ్ళకి మేము ఇప్పుడు బస్సులోనో ఆటోలోనో పోతున్నాం. మొదట్లో నామోషీగానే ఉండింది.

పిల్లను షోరూమ్‌కి తీసుకెళ్ళండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. చెప్పులు కొనేటప్పుడు పిల్లను తీసుకెళ్ళి పాదం పెట్టి చూస్తాం. బండికి మాత్రం మనమే వెళ్ళి రంగు చూసి వస్తాం.

షోరూమ్‌లో ముందు మీరు ఎక్కండి. బూట్లతో కాదు, రోజూ వేసుకునే చెప్పులతో. బండి స్టాండు తీసి నిటారుగా పట్టుకుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. మునివేళ్ళ మీద నిలబడుతున్నారంటే ఆ బండి మీకు ఎత్తు. ఒక్కరే నడిపితే సర్దుకుపోవచ్చు. వెనక 20 కిలోల పిల్ల పక్కకి వంగి కుక్కపిల్లను చూస్తున్నప్పుడు సర్దుకోవడం కుదరదు. లెక్కకి చెబుతున్నాను, స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోలు. షైన్ 100 సీటు 786, బరువు 99 కిలోలు. ప్లాటినా 100 సీటు 807. రెండు సెంటీమీటర్ల తేడా కాగితం మీద ఏమీ కాదు గానీ, ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి ఆ రెండు సెంటీమీటర్లలోనే మడమ లేస్తుంది. బండి కొంచెం పక్కకి వాల్చి, మళ్ళీ నిలబెట్టి చూడండి. ఒంటికాలి మీద లేపగలుగుతున్నారా? సేల్స్ కుర్రాడు కంగారు పడతాడు. పడనివ్వండి.

తర్వాత పిల్లను వెనక ఎక్కించండి. బండి డబుల్ స్టాండు మీద ఉంచి, ఎడమవైపు నుంచే ఎక్కించండి. ఇప్పుడు కింద కూర్చుని పిల్ల కాళ్ళు చూడండి. వెనక ఫుట్‌రెస్టు మీద అరికాలు పూర్తిగా ఆని, మోకాలు కొంచెం వంగి ఉండాలి. వేళ్ళు మాత్రమే తాకుతున్నాయా? ఆ బండి మీద పిల్లను ఇంకా కూర్చోబెట్టకూడదు. కాళ్ళకి ఆధారం లేని పిల్ల గుంత వచ్చిన ప్రతిసారీ సీటు మీద ఎగిరి ఎక్కడ పడితే అక్కడ దిగుతుంది. మా పాప పాత బండి మీద అలాగే వచ్చేది. కాళ్ళు గాల్లో, చేతులు నా చొక్కా మీద. చొక్కా ఎంత సాగుతుందో మీకు తెలుసు.

కాళ్ళు అందకపోతే మూడు దార్లు. ఫుట్‌రెస్టు కొంచెం ఎత్తులో ఉన్న ఇంకో మోడల్ చూడటం ఒకటి. క్లాంపుతో బిగించే పిల్లల ఫుట్‌రెస్టులు పెట్టించడం రెండోది. వెల్డింగ్ షాపులో ఫ్రేముకి అతికిస్తామంటే మాత్రం వద్దనండి, వేడికి ఫ్రేము బలం తగ్గుతుంది. ఇక మూడోది, ఇంకో ఏడాది ఆటోలో పంపడం. మూడోదాన్ని ఎవరూ ఇష్టపడరు. బంధువుల ముందు పరువు సమస్య.

మడమ ఎక్కడికి పోతుంది?

బాగా చూడాల్సింది ఇక్కడే. పిల్ల కూర్చున్నాక పాదాన్ని మీ చేత్తో పట్టుకుని వెనక్కి, లోపలికి జరపండి. చక్రం ఊచల్లోకి పోతుందా? నిద్రమత్తులోనో ఆటగానో కాలు లోపలికి పెడితే మడమ ఊచల్లో చిక్కుకుని తోలు ఊడి వస్తుంది. ఎముకల డాక్టర్లకి ఇది బాగా తెలిసిన కేసు. అల్లాయ్ వీలైతే చిక్కుకోదనుకోకండి, దానిలో సందులు ఇంకా పెద్దవి.

దీనికోసమే శారీ గార్డు, అంటే వెనక చక్రం పక్కన బిగించే అడ్డు. అది చీర కోసం మాత్రమే అనుకుంటాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ, వెనకవారికి చేతి పట్టు, ఫుట్‌రెస్టు ఉండాలి. డెలివరీ రోజు కొందరు కుర్రాళ్ళు "లుక్ పోతుందన్నా, తీసేద్దామా" అంటారు. వద్దనండి. వీలైతే సందులు చిన్నగా ఉన్న గార్డు వేయించండి. కుడివైపు సాధారణంగా గార్డు ఉండదు, అటు సైలెన్సర్ ఉంటుంది కాబట్టి. అందుకే కుడికాలి ఫుట్‌రెస్టు పిల్లకి ఖచ్చితంగా అందాలి. చైను కూడా చూడండి. చుట్టూ మూసిన చైన్ కవర్ ఉన్న బండి, పైన ఒక రేకు మాత్రమే ఉన్న స్పోర్ట్స్ మోడల్ కంటే పిల్లలకి, చున్నీలకి మంచిది.

సైలెన్సర్ మీద రేకు ఎంతవరకు ఉంది, పిల్ల కుడి పిక్క ఎక్కడ ఆనుతోంది చూడండి. మా పాపకి కాలింది ప్రయాణంలో కాదు, దిగేటప్పుడు. స్నేహితురాలు కనబడిందని కుడివైపు నుంచి దూకింది. పిక్క లోపలివైపు రూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు పారనివ్వాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయకూడదు. మా వీధిలో ముగ్గురు మూడు రకాలు తెచ్చారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు: ఎక్కేది ఎడమ, దిగేది ఎడమ, నేను "ఊఁ దిగు" అన్నాకే.

సీటు

ఒకే మట్టంగా, పొడుగ్గా ఉన్న సీటు కావాలి. వెనక భాగం ఎత్తుగా, తోక లేచినట్టు ఉండే స్ప్లిట్ సీటు చూడ్డానికి బాగుంటుంది. దాని మీద పిల్ల మీకంటే ఎత్తులో కూర్చుంటుంది, చేతులు మీ నడుముకి అందవు, బ్రేకు వేసినప్పుడల్లా జారి మీ వీపు మీద పడుతుంది. సీటు వెనకున్న పట్టుకునే కడ్డీని (గ్రాబ్ రైల్) పట్టుకోమంటాం గానీ ఆరేళ్ళ పిల్ల చేతులు అంత వెనక్కి పోవు. వాళ్ళు పట్టుకోగలిగింది మిమ్మల్నే. కాబట్టి ప్యాంటుకి గట్టి బెల్టు పెట్టుకుని, బెల్టు పట్టుకోవడం నేర్పండి.

రెండువైపులా కాళ్ళు వేసే కూర్చోవాలి. ఆడపిల్లని గౌను వేసుకుందని పక్కకి కూర్చోబెట్టడం మన ఊళ్ళలో మామూలు. మా అత్తగారు కూడా ఒకసారి అన్నారు. యూనిఫాం లోపల లెగ్గింగ్ వేస్తే ఆ సమస్య తీరిపోయింది. ఇంకో చిన్న సంగతి. మే నెలలో నల్ల రెక్సిన్ సీటు ఎండలో అరగంట ఉంటే నిక్కరు వేసుకున్న పిల్ల తొడలు చుర్రుమంటాయి, కూర్చోలేక లేచి నిలబడుతుంది. సీటు మీద తడిగుడ్డ వేసి తుడిచి ఎక్కించండి.

స్కూలు బ్యాగు పిల్ల వీపుకి ఉండకూడదు. ఆ బరువు పిల్లను వెనక్కి లాగుతూనే ఉంటుంది. హ్యాండిల్‌కి తగిలిస్తే తిప్పడానికి అడ్డం. నేను బ్యాగును నా ముందు వేసుకుంటాను. అదోరకంగా కనిపిస్తుంది, నిజమే.

బ్రేకుల సంగతి

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125, అంతకు లోపు వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. రెండూ ఒకటి కాదు. సీబీఎస్‌లో వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, అంతే. గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి జారవచ్చు. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు. సింగిల్ ఛానెల్ అంటే ముందు చక్రానికి మాత్రమే, డ్యూయల్ ఛానెల్ అంటే రెండిటికీ.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే, రోడ్డు మీద వడ్లు, మైపాడు బీచి వైపు ఇసుక, టిప్పర్లు జారవిడిచిన కంకర. పైగా మనకి పెద్ద వానలు అందరికీ పడే జూన్, జూలైలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు స్కూళ్ళు తెరిచే ఉంటాయి. తడిసిన డ్రమ్ బ్రేకు మొదటి రెండు మూడుసార్లు సరిగ్గా పట్టదు. నీళ్ళలో నుంచి బయటికి వచ్చాక మెల్లగా పోతూ బ్రేకును కొద్దికొద్దిగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

కానీ ఏబీఎస్ కోసమని మీ కాలు అందని బరువైన బండి కొనకండి. ఏబీఎస్ బండిని నిలబెట్టదు. ముందు కాళ్ళు, తర్వాత ఏబీఎస్ అన్నది నా వరస. నేను చివరికి కొన్నది మట్టం సీటున్న 125 సీసీ బండి, ముందు చక్రానికి డిస్కు బ్రేకు. కంపెనీ పేరు చెప్పను, చెబితే కాళ్ళు కొలవకుండా అదే కొంటారు. సైడ్ స్టాండు వేసి ఉంటే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో మాత్రం అడగండి. పిల్ల గోలలో స్టాండు మర్చిపోవడం చాలా తేలిక.

పాత బండి అయితే

హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు) పోయింది. ముందు షాకప్సర్ల మీద వేలితో రుద్ది చూడండి, నూనె అంటితే సీల్స్ పోయాయి. టైరు గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. అరుగుదల లేకపోయినా టైరు ముసలిదైతే రబ్బరు గట్టిపడి తడిలో జారుతుంది. మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి, రెండు వందలు ఇచ్చినా లాభమే.

ఇన్సూరెన్స్ కాగితం చదవండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్నవారికి పరిహారం వస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు. కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకుని, వెనకవారికి కవరేజీ ఉందో లేదో ఏజెంటుతో చూపించుకోండి.

హెల్మెట్, బెల్టు

నాలుగేళ్ళు దాటితే హెల్మెట్ తప్పనిసరి, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. పిల్లకి సరిపోయే హెల్మెట్ లేదా సైకిల్ హెల్మెట్ ఉండాలి. సేఫ్టీ హార్నెస్ ఉండాలి, అంటే పిల్లకి చొక్కాలాగా తొడిగి, దాని పట్టీలు నడిపేవారి భుజాలకి తగిలించుకునే బెల్టు. అది 30 కిలోల దాకా మోయగలగాలి. స్పీడు 40 దాటకూడదు. తొమ్మిది నెలల లోపు పసివాళ్ళని బండి ఎక్కించకండి.

హెల్మెట్ కూడా పిల్ల తల మీద పెట్టి చూసే కొనాలి. టేపుతో కనుబొమల పైన చుట్టుకొలత తీసుకుని వెళ్ళండి. పెట్టాక తల అడ్డంగా ఊపమంటే హెల్మెట్ తలతోపాటు తిరగాలి, విడిగా కాదు. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలి, పిడికిలి కాదు. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 అని, అంటే బండి హెల్మెట్ల ప్రమాణం నంబరు, ఉందో లేదో చూడండి. హైవే పక్కన తాడుకి వేలాడదీసి అమ్మే రంగురంగుల టోపీలు పోలీసుకి చూపించడానికే పనికొస్తాయి. రంగు మాత్రం పిల్లనే ఎంచుకోనివ్వండి. మా పాప గులాబీది ఎంచుకుంది కాబట్టే అడగకుండా పెట్టుకుంటుంది.

బండి ఇంటికొచ్చాక

మొదటి వారం ఖాళీ రోడ్డులో పొద్దున్నే ప్రాక్టీసు చేయండి. వెనక టైరులో గాలి ఇద్దరు ఎక్కేటప్పుడు ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో స్టిక్కర్ ఉంటుంది. పంక్చర్ షాపువాడి అంచనా మీద కాదు, ఆ స్టిక్కర్ మీద నడవండి. వెనక షాకప్సర్ల స్ప్రింగు బిగువు కూడా ఇద్దరి బరువుకి తగ్గట్టు ఒకసారి సరిచేయించుకోండి. ఆపేటప్పుడు కాలు ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి. వడ్లు, ఇసుక, చెత్తాకు ఉన్నచోట ఇంకో పది అడుగులు పోయి ఆపండి.

ఇక నిద్ర. పిల్లలు బండి మీద నిద్రపోయినంత తేలిగ్గా మంచం మీద కూడా నిద్రపోరు. చల్లగాలి, ఒకే రకం చప్పుడు, నాన్న వీపు. పట్టు సడలిందని మనకి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. దీనికి నా దగ్గర ఉన్న ఉపాయం కథ. బండి మీద కథ చెబుతుంటాను, పాప ఊఁ కొట్టాలి. హెల్మెట్ లోపల నుంచి వచ్చే ఆ ఊఁ కోసమే నా చెవులు. రెండు ఊఁలు రాకపోతే బండి పక్కకి తీసేస్తాను.

పోయిన ఆదివారం సాయంత్రం కోవూరు నుంచి వస్తుంటే ఏడు చేపల కథలో ఎండని చేప దగ్గర ఊఁ ఆగిపోయింది. ఆపాను. టీ బంకు దగ్గర దించి మొహం కడిగి బిస్కెట్ ఇచ్చాను. పావుగంట కూర్చున్నాం. "చేపా చేపా ఎందుకు ఎండలేదూ" అని మళ్ళీ మొదలుపెట్టబోతే, "అది అయిపోయింది నాన్నా, గడ్డిమోపు దగ్గరున్నావు" అంది. అప్పుడు ఎడమవైపు నుంచి ఎక్కించుకున్నాను.